చాటింపు నాడు ఊళ్లో ఉన్నందుకు

ఏప్రిల్ 17, 1995, సోమవారం. పుంగనూరు.

కుప్పం టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో అప్పజెప్పాల్సినవి అప్పజెప్పి వచ్చేశాను. చేత్తో కలిపే బోర్డును ఊడదీసి వరండాలో పెట్టేశారు. దాని చోట బీరువా అంత మిషను నిలబెట్టారు. ఇక కుప్పంలో ఎవరికి ఫోన్ కావాలన్నా ఆపరేటర్‌ను బతిమాలుకోనక్కర్లేదు, నంబరు వాళ్లే తిప్పుకుంటారు. సంతోషం. నా హెడ్‌సెట్ తీసుకుని సంతకం పెట్టమన్నారు, పెట్టాను.

మిగిలిపోయిన ఆపరేటర్లను ఖాళీలున్న చోటికి వేస్తున్నారు. నాకు పోర్ట్ బ్లెయిర్. నేనే అడిగాను. అడిగినవాళ్లు ఇంకెవరూ లేరు కాబట్టి మర్నాడే ఆర్డరు ఇచ్చారు. రెండేళ్లు అండమాన్‌లో. వచ్చే సోమవారం మద్రాసులో విమానం ఎక్కాలి. విమానం ఎక్కడం ఇదే మొదలు.

ఈ వారం పుంగనూరులో ఆగింది జాకెట్లు కుట్టించుకోవడానికి. కమలాక్షి వాళ్ల వీధిలో టైలరు బాగా కుడతాడట. కుప్పంలో టైలర్లు లేరా అంటే ఉన్నారు.

కమలాక్షి మదనపల్లె ఎక్స్ఛేంజిలో నా పక్క సీటు. పెళ్లయ్యాక ఇక్కడికి మార్పించుకుంది. మొగుడూ పిల్లలతో చిన్న అద్దె ఇంట్లో ఉంటోంది, అందుకని నన్ను పక్క వీధిలో పుట్టింట్లో దించింది. ఇక్కడ చోటుంది. వాళ్లమ్మ మునెమ్మగారు, వాళ్లన్న హరినాథ్, అంతే.

హరినాథ్ గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. చింతపండు వ్యాపారం. భార్య పోయి చాలా ఏళ్లయింది. నేను మదనపల్లెలో ఉన్నప్పుడు రోజూ సేలంకు ట్రంకాల్ బుక్ చేసేవాడు. లైను కలిసేదాకా నాతో వానల గురించి మాట్లాడేవాడు. నన్ను కుప్పానికి వేశాక కుప్పానికి బుక్ చెయ్యడం మొదలుపెట్టాడు. ఆయన అడిగే నంబరు ఎప్పుడూ ఎంగేజే. "పర్వాలేదు మేడమ్, లైన్లో ఉంటా" అనేవాడు. కుప్పంలో ఆయన సరుకు కొనేవాళ్లెవరో నాకిప్పటికీ తెలీదు. నేనూ అడగలేదు.

ముఖాముఖి మాట్లాడింది తక్కువ. ఈరోజు గుమ్మంలో నన్ను చూసి "రాండి మేడమ్, ఎండ ఎక్కువగా ఉండాది" అని లోపలికి వెళ్లిపోయాడు. ఫోన్లో ఇంకా నయం.

ఏప్రిల్ 18, మంగళవారం

పొద్దున టైలరుకు కొలతలిచ్చాను. రేపిస్తానన్నాడు.

మధ్యాహ్నం కమలాక్షి వచ్చింది. నడవాలో కూర్చుని చేతిగాజులు తిప్పుకుంటూ అడిగింది.

"ఈపొద్దు సాయంత్రం చాటింపే. ఉంటావా, పోతావా?"

గంగమ్మ జాతర చాటింపు. జాతర వచ్చే మంగళ, బుధవారాల్లో. చాటింపంటే డప్పు కొడుతూ ఊరంతా తిరిగి అమ్మవారి జాతర వచ్చిందని చెప్పడం. మా బి.కొత్తకోటలోనూ ఏదో ఒకటి కొడుతూనే ఉంటారు.

"ఉంటాను, జాకెట్లు రేపు కదా ఇచ్చేది" అన్నాను.

"బాగా ఆలోచించుకున్న్యావా?"

జాకెట్ల గురించి ఇంత ఆలోచన దేనికో అర్థం కాలేదు. కాసేపటికి మునెమ్మగారు చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి నా ఎదురుగా నిలబడింది.

"ఉషమ్మా, ఈ రేత్రికి మా ఇంట్లో నిద్ర చేస్తావా తల్లీ?"

నిన్న చేసింది నిద్ర కాదేమో. "చేస్తానమ్మా" అన్నాను. ఆమె నా రెండు బుగ్గలూ తడిమి మెటికలు విరిచింది. కళ్లు తుడుచుకుంది. ముసలివాళ్లకు ఊరికే కళ్లు చెమరుస్తాయి.

పొద్దుగూకేటప్పుడు డప్పు వినిపించింది. మునెమ్మగారు గడపకు పసుపు రాసి వేపమండలు కట్టి, నాతో కూడా ఒక మండ కట్టించింది. హరినాథ్ వీధిలో నిలబడి చూస్తున్నాడు. నేను చూసేసరికి డప్పువాళ్ల వైపు తిరిగాడు.

రాత్రి భోజనంలో రాగిముద్ద, చింతచిగురు పప్పు. ఆయన మామూలుకంటే ఎక్కువ తిన్నాడని మునెమ్మగారు అన్నది. మామూలు ఎంతో నాకు తెలీదు కదా.

ఏప్రిల్ 19, బుధవారం

జాకెట్లు అవలేదు.

ఇంకో సంగతి. పొద్దున మాటల్లో సోమవారం విమానం గురించి అంటే మునెమ్మగారు నవ్వింది.

"చాటింపు నాడు ఊర్లో నిద్ర చేసినోళ్లు జాతరయ్యేదాకా పొలిమేర దాటకూడదమ్మా. దాటితే గంగమ్మకు కోపమొస్తాది. దాటినోళ్లు మళ్లీ జాతరయ్యేదాకా ఊర్లో కాలు పెట్టకూడదు."

జాతర అయ్యేది వచ్చే బుధవారం. విమానం సోమవారం. ఈ మాట నిన్ననే చెప్పి ఉంటే బాగుండేది. కమలాక్షిని అడిగితే "నీకు తెల్దా ఏమి?" అని నా మొహం చూసి, నేను వేళాకోళం చేస్తున్నాననుకుని నవ్వింది.

హరినాథ్‌కూ చెప్పాను, సోమవారం విమానం అని. "విమానానికేముంది మేడమ్, మళ్లీ వస్తాది" అన్నాడు. ఎర్రబస్సు గురించి చెప్పినట్టు చెప్పాడు.

నాకు ఇవంటే నమ్మకం లేదు. అయినా పెద్దవాళ్ల ఇంట్లో ఉన్నప్పుడు పెద్దవాళ్ల మాట కాదనకూడదు. మద్రాసుకు ఫోన్ చేసి టికెట్టు తేదీ మార్చమని అడగాలి. ఈరోజు లైన్లు బిజీ. నేను ప్రయత్నించలేదు, కానీ బిజీగానే ఉంటాయి.

ఏప్రిల్ 20, గురువారం

టైలరు నన్ను చూసి లేచి నిలబడ్డాడు. నిన్న లేవలేదు. చేతులకు జరీ అంచు వెయ్యమంటారా అని అడిగాడు. ఆఫీసుకు వేసుకునేవి, జరీ ఎందుకన్నాను. "మీ ఇష్టమమ్మా, ఇట్లాంటప్పుడు అడగడం మా ధర్మం" అన్నాడు. ఎట్లాంటప్పుడో చెప్పలేదు. జాకెట్లూ ఇవ్వలేదు.

వీధిలో ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి చూసి పోతున్నారు. ఒకావిడ నా జడ ముట్టుకుని "సొంత జుట్టేనా?" అనడిగింది. ఇంకొకావిడ రాగిముద్ద చేయడం వచ్చా అని అడిగింది. పోర్ట్ బ్లెయిర్ వెళ్లే మనిషిని చూడాలని వీళ్లకు ఆసక్తి కాబోలు.

మద్రాసుకు రేపు చేస్తాను.

ఏప్రిల్ 21, శుక్రవారం

హరినాథ్ నా గదికి కొత్త ఫ్యాను తెచ్చి బిగించాడు. వారం రోజుల చుట్టానికి ఇది ఎక్కువ. స్టూలు మీద నిలబడి తీగలు కలుపుతుంటే కింద స్టూలు పట్టుకున్నాను. ఒక గంట ఆయన పాదాలు నా కళ్ల ముందు ఉన్నాయి. ఫ్యాను తిరిగాక "గాలి వస్తాందా మేడమ్?" అన్నాడు. వస్తోందన్నాను. అంతే మాట్లాడుకున్నది.

నిజం రాసుకోవాలి, ఇది ఎవరూ చదవరు కదా. నాకు ముప్పై ఎనిమిది. మా నాన్న పోయాక నా పెళ్లి మాట ఎవరూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఈ మనిషి ఒక్క మాట అంటే పోర్ట్ బ్లెయిర్ ఆర్డరు గురించి మళ్లీ ఆలోచించేదాన్ని. ఆ మాట అంటాడేమోననే వచ్చాను. ఇన్నేళ్లు ఫోన్లో నాకు వానల గురించి చెప్పిన మనిషి ఇప్పుడు ఫ్యాను గురించి చెబుతున్నాడు.

జాకెట్లు ఊరికే.

ఏప్రిల్ 22, శనివారం

కోపంలో రాస్తున్నాను, అక్షరాలు సరిగ్గా రావడం లేదు.

వెనక వసారాలో అక్కమ్మ చింతపండు గింజలు తీస్తోంది. హరినాథ్ దగ్గర చాలాకాలంగా పని చేస్తోంది. నేనూ పక్కన కూర్చుని గింజలు తీస్తున్నాను. మాటల్లో అన్నాను, చాటింపు నాడు ఇక్కడ చిక్కుకుపోయాను, లేకపోతే ఎల్లుండి విమానంలో ఉండేదాన్ని అని. అక్కమ్మ చేతిలో సుత్తి ఆపింది.

"సిక్కుకోవడమేంది తల్లీ? పై ఊరోళ్లను చాటింపు పొద్దు ఊర్లో ఎవురుంచుకుంటారు? సుట్టాలుంటే పొద్దుగూకే లోపల సాగనంపేస్తారు. ఉండి నిద్ర చేసినారంటే ఇంటి మనిసి కిందే లెక్క. అందుకే గదా మునెమ్మ నిన్ను నోరు తెరిచి అడిగింది. నువ్వు చేస్తానంటివి. ఊరంతా సంతోషపడిండాది."

"ఇంటి మనిషంటే?"

"హరినాథప్పకు నిన్ను చేసుకుంటాండారని."

అంటే మంగళవారం మధ్యాహ్నం నా పెళ్లి కుదిరింది. కమలాక్షికి తెలుసు, వీధికి తెలుసు, టైలరుకు తెలుసు, నా జడ లాగి చూసినావిడకు తెలుసు. నాకు తెలీదు. బ్రహ్మాండం.

హరినాథ్ గోడౌన్ నుంచి రాగానే అడిగాను. వాకిట్లోనే అడిగాను, లోపలికి వచ్చేదాకా ఆగలేకపోయాను.

"మంగళవారం నేను ఉంటానన్నదానికి అర్థం ఏమనుకున్నారు?"

ఆయన చెప్పులు విడుస్తూ ఆగాడు. "అదేంది మేడమ్, ఉంటానంటే ఉంటారనుకుంటి."

"ఎన్నాళ్లు?"

రెండో చెప్పూ విడిచాడు. "ఎల్లకాలం అనుకుంటి" అన్నాడు.

"మీరు నన్ను అడిగారా?"

"అమ్మ అడిగింది గదా. మా ఊర్లో అట్లే అడుగుతారు. మీది ఈ జిల్లానే, తెలిసే ఉంటాదనుకుంటిమి."

"బి.కొత్తకోటలో ఇట్లాంటిది లేదు. నేను ఉన్నది జాకెట్ల కోసం."

"జాకెట్ల కోసమా?"

"జాకెట్ల కోసమే."

ఇంత పెద్ద అబద్ధం ఉద్యోగంలో కూడా ఆడలేదు. ఆయన మొహం చూసి వెంటనే వెనక్కి తీసుకోవాలనిపించింది. కోపం తీసుకోనివ్వలేదు. ఊరంతా కలిసి నా తరఫున సరే అనుకుని, ఆ సరే నా చేతే అనిపించి, నాకు చెప్పడం మర్చిపోయారు. ఆయన నోరు తెరిచి ఒక్కసారి అడిగి ఉంటే వాకిట్లోనే ఒప్పుకునేదాన్ని. నాకు కావలసింది అదే.

ఆయన మళ్లీ చెప్పులు తొడుక్కున్నాడు. "అట్లయితే తప్పు మాదే మేడమ్. పైమనిషిని తెలీక ఉంచుకున్న్యాము. మీకు కట్టుబాటు లేదు. రేపు బస్సెక్కిస్తా" అని బయటికి వెళ్లిపోయాడు.

పోట్లాడతాడనుకున్నాను. పోట్లాడలేదు.

ఏప్రిల్ 23, ఆదివారం. మద్రాసు బస్సులో రాస్తున్నాను.

పొద్దున మునెమ్మగారు నాకు తలకు నూనె పెట్టింది, ఇడ్లీ పెట్టింది. బయల్దేరేటప్పుడు గుమ్మం దగ్గర ఆపింది.

"నిన్ను మోసం చేయల్యా తల్లీ. నాకు సంతోషం ఎక్కువై ఇడమరిచి చెప్పల్యా. మనసులో పెట్టుకోవద్దు."

కాళ్లకు దండం పెట్టాను.

హరినాథ్ నా పెట్టెను సైకిలు మీద పెట్టుకుని పక్కన నడిచాడు. పలమనేరు రోడ్డులో పొలిమేర రాయి ఉంది, పసుపు పూసి వేపమండ కట్టారు. దాని దగ్గర ఆగిపోయాడు. రాయి దాటి పది అడుగుల్లో బస్సు ఆగుతుంది. పెట్టె నా చేతికిచ్చాడు. నేను దాటాను, ఆయన ఆ పక్కనే నిలబడ్డాడు. అక్కడి నుంచి కూడా అడగొచ్చు, మాట వినిపించే దూరమే. "వాన పడేటట్టుండాది" అన్నాడు. ఆకాశంలో మబ్బు లేదు. బస్సు వచ్చింది, ఎక్కాను.

పలమనేరు దాకా ఏడ్చాను. కండక్టరు టికెట్టు కూడా తర్వాత ఇస్తానని వెళ్లిపోయాడు.

పలమనేరు బస్టాండులో మద్రాసు బస్సు కోసం చాలాసేపు కూర్చున్నాను. మదనపల్లె నుంచి మద్రాసుకు పోయే టమోటా లారీ ఒకటి బస్టాండు ఎదురుగా ఆగింది. క్యాబిన్లోంచి హరినాథ్ దిగాడు. చొక్కా నిండా టమోటా రసం. పైన బుట్టల మధ్య కూర్చుని కొంత దూరం వచ్చాడట, తర్వాత జాలిపడి ముందుకు పిలిచారట.

పొలిమేర దాటాడు. పుట్టినప్పటి నుంచి ఒక్క జాతరకు కూడా ఊరు విడిచినవాడు కాదు, కమలాక్షి చాలాసార్లు చెప్పింది.

"అమ్మే పొమ్మనింది" అన్నాడు. "గంగమ్మకు నేను చెప్పుకుంటా, ఉషమ్మను నోరు తెరిచి అడగని మొగోడివి ఇంట్లో ఉండి ఏం చేస్తావు, పో, అనింది."

పక్కన శనక్కాయలమ్మే ఆమె కొలవడం ఆపి మా వైపు తిరిగింది. ఆయన ఆమెను చూశాడు, నన్ను చూశాడు, గొంతు సవరించుకున్నాడు.

"మేడమ్, మీరు నన్ను పెండ్లి చేసుకుంటారా?"

అదే మాట. పుంగనూరులో వారమంతా దానికోసమే కూర్చున్నాను. అడిగితే వాకిట్లోనే ఒప్పుకునేదాన్నని నిన్ననే రాసుకున్నాను. తీరా అడిగితే నా నోట్లోంచి వచ్చింది ఇది:

"నేను పోర్ట్ బ్లెయిర్ వెళ్తున్నాను."

"పోండి. పోవద్దనల్యా గదా. అడుగుతాండాను, అంతే."

"ఆలోచించి చెప్తాను."

"సరే మేడమ్."

శనక్కాయలావిడకు నా మీద చాలా కోపం వచ్చింది. "ఇంగ ఆలోచించేదేముండాది తల్లీ, మనిషి మంచోడుగానే ఉండాడే" అంది. నాకూ నా మీద కోపంగానే ఉంది. ఊరంతా ముందే నా బదులు సరే అనేశారు. కనీసం ఈ ఒక్కటీ నాకు తోచినప్పుడు అందామనుకున్నాను. అనుకున్నానో, భయపడ్డానో.

మద్రాసు బస్సు వచ్చింది. పెట్టె పైకెక్కించాడు. ఇక దిగుతాడనుకుంటే నా పక్కన కూర్చున్నాడు.

"మీరెక్కడికి?"

"దాటినోడు జాతరయ్యేదాకా ఊర్లోకి పోకూడదు మేడమ్. బుధవారం దాకా నాకు ఊరు లేదు. యాడైతేనేం, మద్రాసైతే విమానం సూడొచ్చు."

ఇప్పుడు చిత్తూరు దాటాం. ఆయన నిద్రపోతున్నాడు. తల నా భుజం మీదికి వచ్చింది. లేపుదామనుకుని లేపలేదు. కుడిభుజం కాబట్టి రాయడం కష్టంగా ఉంది.

ఏప్రిల్ 24, సోమవారం. విమానంలో.

పొద్దున విమానాశ్రయం దగ్గర కాఫీ తాగాం. ఆయన ఇంకోసారి అడుగుతాడేమో చూశాను, అడగలేదు. "ఆడ వానలు ఎక్కువంట మేడమ్, గొడుగు పెట్టుకున్న్యారా?" అన్నాడు. పెట్టుకున్నానన్నాను. లోపలికి పోయేచోట పోలీసాయన టికెట్టు లేనివాళ్లు ఆగాలన్నాడు. ఆయన ఆగాడు, నేను లోపలికి వచ్చేశాను. సరే అనే రెండక్షరాలు గాజు తలుపు మూసుకునేదాకా నోట్లోనే ఉన్నాయి. ఒక మనిషిని ఇంకో మనిషితో కలపడమే ఇన్నేళ్లూ నా పని, జీతం తీసుకుని చేశాను.

కిటికీ పక్క సీటు ఇచ్చారు. చూడ్డానికి వచ్చినవాళ్లు విమానాశ్రయం మేడ మీద కటకటాల వెనక నిలబడ్డారు. టమోటా చొక్కా ఇక్కడికి కూడా కనిపిస్తోంది. చెయ్యి ఊపుతున్నాడు, గట్టిగా, రెండు చేతులతో. ఊపుతున్నది మా విమానానికి కాదు. పక్కన ఇంకొకటి నిలబడి ఉంది, దానికి. అది ఎక్కడికి పోయేదో.

నా పక్క సీటులో శ్రీకాకుళం ఆవిడ. పోర్ట్ బ్లెయిర్‌లో వాళ్లకు హోటలు ఉందట. కిటికీలోంచి వంగి చూసి నవ్వింది.

"ఎవులమ్మా ఆయన, ఆ యిమానానికి సెయ్యూపుతున్నాడు? మీకు తెలిసినోరా?"

"మా ఆయనండీ" అన్నాను.

అనేశాను. ఎంత సులువుగా వచ్చిందో. మళ్లీ ఒకసారి అందామని, "చింతపండు వ్యాపారం, మాది పుంగనూరు" అని కూడా చెప్పాను. అడక్కపోయినా చెప్పాను. ఆవిడ పిల్లలెంతమంది అని అడిగితే ఇంకా లేరన్నాను.

ఆయనకంటే ముందు ఇంకొకరికి తెలిసింది. నాకు జరిగింది ఆయనకూ జరిగింది, లెక్క సరిపోయింది. అయినా ఏం సంతోషంగా లేదు. కిటికీ అద్దం మీద వేలితో కొట్టాను, అరవబోయాను కూడా. ఆవిడ నాకు విమానం అంటే భయమనుకుని చెయ్యి గట్టిగా పట్టుకుంది.

కదిలాం. ఆయన ఇంకా ఆ విమానానికే ఊపుతున్నాడు.

దిగగానే ఫోన్ చేసి చెబుదామంటే ఆయన ఇంట్లో ఉండడు, బుధవారం జాతరయ్యేదాకా ఆ ఊళ్లోకి పోడు. ఏ బస్టాండులో ఉంటాడో ఏ ఆపరేటరుకూ తెలీదు. ఇన్నేళ్లు ఆగినదాన్ని, ఈ రెండు రోజులు ఎట్లా ఆగాలో తెలియడం లేదు.